పాషెంక ఎక్కడికీ పోలేదు



మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల పేరు వినని వాళ్ళు మన ప్రాంతంలో ఉండరు. 1915లో అనీ బీసెంట్ పెట్టించిన కళాశాల అది. 1919లో రవీంద్రుడు ఆ ఆవరణలో కొన్నాళ్ళు బస చేశాడనీ, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడేననీ మన బడిపిల్లలు కూడా చెప్తారు. కానీ ఆ కళాశాల పుట్టుకకు చాలా వెనక, ఒక రష్యను అమ్మాయి మొగుడి ఇంట్లోంచి పారిపోయిన సంగతి ఒకటుంది. ఈ సాయంత్రం నా మాటలు అక్కడ మొదలుపెడతాను.

ఆ అమ్మాయి పేరు హెలీనా. 1849లో, పద్దెనిమిదేళ్ళు నిండకముందే, తనకంటే వయసులో చాలా పెద్దవాడైన ఒక అధికారితో పెళ్ళయింది. కొన్ని నెలలైనా తిరక్కముందే గుర్రమెక్కి ఆ ఇల్లు విడిచింది. పుట్టింటివాళ్ళు తండ్రి దగ్గరికి పంపబోతే, దారిలో వాళ్ళకూ దొరక్కుండా ఓడెక్కి కాన్‌స్టాంటినోపుల్ చేరింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి దేశాలు తిరిగింది. 1875లో న్యూయార్క్‌లో మిత్రులతో కలిసి దివ్యజ్ఞాన సమాజం స్థాపించింది. మేడమ్ బ్లావట్‌స్కీ అని లోకం ఎరిగింది ఆమెనే. 1882 వేసవిలో బకింగ్‌హాం కాలువ మీద పడవలో బయల్దేరి మన నెల్లూరు, గుంటూరు దాకా వచ్చింది కూడా. ఆ ఏడే సమాజం కేంద్రం మద్రాసు అడయారుకు మారింది. ఆమె రాసిన పుస్తకం చదివే అనీ బీసెంట్ ఈ దారి పట్టింది. ఆ దారే మన మదనపల్లెకు వచ్చింది.

బ్లావట్‌స్కీ సిద్ధాంతాల మంచిచెడ్డలు నా విషయం కాదు. నన్ను పట్టుకున్నది ఆమె తల్లి. ఆ తల్లి యెలేనా గాన్ నవలలు రాసింది. చిన్న ఊళ్ళలో, చిన్న మాటల మధ్య ఊపిరాడక నలిగిపోయే చదువుకున్న ఆడవాళ్ళే ఆమె కథానాయికలు. 1842లో, ఇరవై ఎనిమిదేళ్ళకే చనిపోయింది. తల్లి కాగితం మీద కన్న కోరికను ఏడేళ్ళ తర్వాత కూతురు గుర్రమెక్కి తీర్చుకుంది. రష్యను సాహిత్యాన్ని నేను చదివినంతలో ఇంత బిగువైన కథ మరొకటి కనిపించలేదు. అది ఏ పుస్తకంలోనూ కథగా లేకపోవడమే విచిత్రం.

వెళ్ళిపోవాలి, మళ్ళీ కొత్తగా బతకాలి అనే ఆరాటం ప్రతి సాహిత్యంలోనూ ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దపు రష్యాలో మాత్రం అది ఒక దాహంలా ఉంది. కారణం వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. 1861 దాకా అక్కడ కోట్లమంది రైతులు భూమితో పాటు అమ్ముడుపోయే మనుషులు. యజమాని చీటీ లేకుండా పక్క జిల్లాకు పోవడానికి వీల్లేదు. రైతు సంగతి అలా ఉంచండి, మహాకవి పుష్కిన్‌ సంగతి చూడండి. ఆయన్ను రెండేళ్ళు తల్లిగారి పల్లెలోనే కదలకుండా ఉంచారు. యూరప్ చూసొస్తానని ఎన్నిసార్లు అడిగినా ఆయనకు అనుమతి దొరకలేదు. అలాంటి దేశంలో బెలవోద్యే అనే ఒక నమ్మకం పుట్టింది. తెల్లనీళ్ళ దేశం అని దాని అర్థం. ఆల్తాయ్ కొండలకు అవతల ఎక్కడో ఉందట. అక్కడ జారు చక్రవర్తి లేడు, పన్నుల్లేవు, అన్యాయం లేదు. ఆ దేశాన్ని వెతుక్కుంటూ పిల్లాజెల్లాతో బయల్దేరిన రైతులు నిజంగానే ఉన్నారు.

రష్యనులో వోల్యా అని ఒక మాట ఉంది. దానికి ఇచ్ఛ, సంకల్పం అని ఒక అర్థం. కట్టుబాటు లేని విశాలమైన స్వేచ్ఛ అని ఇంకో అర్థం. రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఇంగ్లీషువాళ్ళు దీన్ని అనువదించలేక తల పట్టుకుంటారు. మనకు ఆ బాధ లేదు. స్వ, ఇచ్ఛ కలిస్తేనే కదా మన స్వేచ్ఛ! మన పక్క కడప జిల్లా నుంచి రాచమల్లు రామచంద్రారెడ్డి గారు మాస్కో వెళ్ళి, ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా పనిచేశారు. తర్వాత అనువాద సమస్యల మీదే ఒక పుస్తకం రాశారు. దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయనా, ఆయన వంటివాళ్ళూ తెలుగు చేసిన పుస్తకాలు గట్టి అట్టతో, తెల్లటి కాగితం మీద, చవగ్గా మన ఊళ్ళకు వచ్చేవి. నా తరంవాళ్ళకు రష్యను మంచు అలా పరిచయం. ముక్కుపుటాలు గడ్డకట్టే చలి గురించి మే నెల ఎండలో, చింతచెట్టు కింద కూర్చుని చదివాం.

సరే, ఆ దాహం తీరిందా? పుష్కిన్ ఒక జవాబు చెప్పాడు. అది చాలా కఠినమైన జవాబు. జిప్సీలు అనే కావ్యంలో అలేకో అనే పట్నంవాడు చట్టం నుంచీ, నాగరికత నుంచీ పారిపోయి జిప్సీ గుడారాల్లో చేరతాడు. జెంఫీరా అనే పిల్ల అతన్ని వలచి తెస్తుంది. రెండేళ్ళు ఎలుగుబంటిని ఆడించుకుంటూ హాయిగా తిరుగుతాడు. తర్వాత ఆమె మనసు మరొకడి మీదికి పోతుంది. జిప్సీలకు అది నేరం కాదు. అలేకో మాత్రం ఇద్దర్నీ చంపేస్తాడు. జెంఫీరా ముసలి తండ్రి అతన్ని కొట్టడు, తిట్టడు, మా నుంచి వెళ్ళిపొమ్మంటాడు. బళ్ళన్నీ కదిలిపోతాయి. మైదానంలో ఒక్క బండి మిగులుతుంది. ఊరు విడిచిన అలేకో, ఈమె నాది అనే ఊరి బుద్ధిని మూటలో కట్టుకునే వచ్చాడు.

లెర్మొంతొవ్ ఇంకో మెట్టు పైకి వెళ్ళాడు. ఆయన 1839లో రాసిన మ్‌త్సీరి కావ్యంలో, పసితనంలోనే యుద్ధఖైదీగా చిక్కి మఠంలో పెరిగిన ఒక కొండజాతి కుర్రవాడు తుఫాను రాత్రి గోడ దూకుతాడు. మూడు రోజులు బయట ఉంటాడు. నది చూస్తాడు, నీళ్ళకు వచ్చిన అమ్మాయిని చూస్తాడు, చిరుతతో పోరాడతాడు. పుట్టిన ఊరివైపే నడుస్తున్నాననుకుంటాడు. అడవి అతన్ని గుండ్రంగా తిప్పి మళ్ళీ మఠం దగ్గరికే తెస్తుంది. తెల్లవారుజామున మఠం గంట వినిపించినప్పుడు అతనికి సంగతి తెలుస్తుంది. ఆ మూడు రోజులే తన బతుకు అని చెప్పి చనిపోతాడు. పాతికేళ్ళైనా నిండని కుర్రవాడు రాసిన కావ్యమిది. ఇప్పటికీ చదివిన ప్రతిసారీ ఆ గంట దగ్గర నేను ఆగిపోతాను.

ఇప్పుడు మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరానికి రండి. ఇప్పటికీ పెద్దవాళ్ళు దాన్ని శానిటోరియం అనే అంటారు. క్షయరోగుల కోసం క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమొడ్ట్ మోలర్ అనే వైద్యుడు దాన్ని పెంచి పెద్దచేశాడు. అప్పటికి క్షయకు మందు లేదు. ఎత్తయిన నేల, పొడిగాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం మీద విశ్రాంతి, అదే వైద్యం. దక్షిణాది నలుమూలల నుంచి మనుషులు ఈ గాలిని నమ్ముకుని వచ్చేవాళ్ళు. కొందరు కోలుకుని పోయారు. కొందరు ఇక్కడే ఉండిపోయారు. మళ్ళీ బతకడం అనే మాటకు ఆ వరండాల్లో ఉన్నంత బరువు ఏ నవలలోనూ ఉండదు.

చేహొవ్‌ను చదివేటప్పుడల్లా నాకు ఆ వరండాలు గుర్తొస్తాయి. ఆయన వైద్యుడు, క్షయరోగి కూడా. రోగం ముదిరాక వెచ్చని గాలి కోసం నల్లసముద్రం ఒడ్డున యాల్టాలో ఇల్లు కట్టుకున్నాడు. డబ్బులేని క్షయరోగులు ఆ ఊరికి వచ్చి తలదాచుకునే చోటు లేక తిరుగుతుంటే, వాళ్ళ శానిటోరియం కోసం చందాలు పోగుచేశాడు. అంతకు ముందు, 1890లో, ముప్పై ఏళ్ళ వయసులో, ఎవరు వద్దన్నా వినకుండా సైబీరియా అంతా బండ్లలోనూ పడవల్లోనూ దాటి సఖాలిన్ ద్వీపం వెళ్ళాడు. పారిపోయినవాళ్ళను, నేరం చేసినవాళ్ళను రష్యా విసిరేసిన చోటు అది. అక్కడి ఖైదీలను ఒక్కొక్కరినీ పలకరించి వేల చీటీలు రాసుకున్నాడు. తిరుగుప్రయాణంలో ఓడ కొలంబోలో ఆగింది. రష్యను మహారచయితల్లో మన నేలకు అంత దగ్గరగా వచ్చినవాళ్ళలో ఆయనొకడు.

ఆయన రాసిన చివరి కథ పెళ్ళికూతురు. యాల్టాలో, దగ్గుతో, రోజుకు కొన్ని వాక్యాల చొప్పున రాశాడు. 1903లో అచ్చయింది. నాద్యా అనే ఇరవై మూడేళ్ళ అమ్మాయి. పెళ్ళి కుదిరింది. పిల్లవాడు చెడ్డవాడేమీ కాదు, వయొలిన్ వాయిస్తాడు. కాపురానికి ఇల్లు కూడా సిద్ధమైంది. ఆ ఇల్లు చూడ్డానికి తీసుకెళ్ళినప్పుడు, గోడ మీది పటం, కొత్త సామాను, నడుం చుట్టూ పడిన అతని చెయ్యి, అన్నీ ఆమెకు ఊపిరాడనివ్వవు. ఆ ఇంట్లో చుట్టంలా ఉంటున్న సాషా అనే అతను, వెళ్ళు, చదువుకో, నీ బతుకును తలకిందులు చెయ్యి అంటూ ఉంటాడు. అతన్ని సాగనంపే వంకతో స్టేషనుకు వెళ్ళి, అదే రైల్లో ఆమె వెళ్ళిపోతుంది. గమనించండి, ఆమెకు దారి చూపిన సాషా క్షయరోగి. వోల్గా తీరానికి వైద్యానికని వెళ్ళి అక్కడే చనిపోతాడు. దారి చూపినవాడికి ఆ దారిలో నడిచే ఊపిరి లేదు. చావు దగ్గర పడ్డ రచయిత ఆ పాత్రలో తననే కూర్చోబెట్టాడని నా నమ్మకం.

నాద్యా ఒకసారి ఊరికి తిరిగి వస్తుంది. అవ్వ, అమ్మ కృంగిపోయి ఉంటారు. పరువు పోయింది, పెళ్ళికొడుకు ఎదురవుతాడేమోనని వీధిలోకి రారు. ఆమె మళ్ళీ బయల్దేరుతుంది, ఇక ఎప్పటికీ రానన్నట్టు. ఆ చివరి వాక్యంలో చేహొవ్ ఒక చిన్న మాట పెట్టాడు. అది ఆమె అనుకోవడమేనని సూచించే మాట. ఆ ఒక్క మాట తీసేస్తే అది కరపత్రం అయ్యేది. ఉండబట్టి కథ అయింది.

కుప్పం స్టేషనులో వేకువజామున నిలబడి చూడండి. నాద్యాలు ఎంతమందో! బెంగళూరు రైలు కోసం క్యారియర్లతో, భుజాన సంచులతో కుర్రవాళ్ళూ ఆడపిల్లలూ నిద్రకళ్ళతో నిలబడి ఉంటారు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పల్లెల మనుషులు కరువుకు తాళలేక కోలారు బంగారు గనుల్లో దిగారు. 2001లో ఆ గనులు మూతపడ్డాయి. గనుల ఊరి జనమూ ఇప్పుడు రోజూ బెంగళూరు రైలే ఎక్కుతారు. చేహొవ్ నాటకంలో ముగ్గురు అక్కచెల్లెళ్ళు మాస్కో, మాస్కో అని కలవరిస్తూ నాలుగు అంకాలు గడిపేస్తారు, రైలు మాత్రం ఎక్కరు. మన పిల్లలు రోజూ ఎక్కుతారు, రోజూ దిగుతారు. వాళ్ళ మాస్కో వాళ్ళకు పొద్దున దొరికి రాత్రికి చేజారుతుంది. వెళ్ళిపోవడమూ, వెళ్ళలేకపోవడమూ రెండూ ఒకే సీజన్ టికెట్టు మీద జరిగే ఈ బతుకును రాయడానికి కుప్పంలో ఒక చేహొవ్ పుట్టాలి. 1997లో అక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం వెలిసింది. మూడు రాష్ట్రాల పొలిమేర మీద, తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే బెంచీ మీద కూర్చునే చోటు. అక్కడ చదివే పిల్లల్లోనే అతడో, ఆమో ఉన్నారేమోనని నాకు ఆశ.

పుంగనూరు వాళ్ళకు చేహొవ్ చివరి నాటకం చెర్రీతోట వేరే చెప్పక్కర్లేదు. జమీ అంటే ఏమిటో, జమీ పోవడం అంటే ఏమిటో ఆ ఊరు చూసింది. నాటకంలో అప్పుల పాలైన జమీందారిణి తోట వేలానికి వస్తుంది. ఆ కుటుంబం దగ్గరే బానిసలుగా బతికిన వాళ్ళ కొడుకు లోపాహిన్ ఒక ఉపాయం చెప్తాడు. చెట్లు కొట్టేయండి, ప్లాట్లు వేయండి, వేసవి ఇళ్ళకు ఇవ్వండి, డబ్బే డబ్బు. చివరికి తానే కొంటాడు. 1904లో మాస్కోలో ఆడిన నాటకం ఇది! మామిడితోపు నరికి తెల్లరాళ్ళు పాతిన ఏ వెంచర్ పక్కనుంచి వెళ్ళినా నాకు ఆ గొడ్డలి చప్పుడు వినిపిస్తుంది. అయితే ఒక్క మాట. లోపాహిన్‌ను చేహొవ్ దుర్మార్గుడిగా చూపలేదు. తాత తండ్రులను వంటింట్లోకి కూడా రానివ్వని ఇంటికి యజమాని అయినవాడి పొంగునూ చూపాడు, ఏడుపునూ చూపాడు. జమీందారిణి కూతురు ఆన్యా మాత్రం తోట పోయిన బాధలోనూ పాత బతుకుకు సెలవు అంటుంది, ఆమె స్నేహితుడైన విద్యార్థి కొత్త బతుకుకు స్వాగతం అంటాడు, ఇద్దరూ గుమ్మం దాటుతారు. అందరూ వెళ్ళిపోయాక, జబ్బుతో ఉన్న ముసలి నౌకరు ఫీర్స్‌ను తాళం వేసిన ఇంట్లో మరిచిపోయామని ఎవరికీ గుర్తుండదు. కొత్త బతుకుకు పరిగెత్తేవాళ్ళు ఎవర్ని లోపల పెట్టి తాళం వేశారు? ఈ ప్రశ్న నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు.

హెలీనా గుర్రమెక్కిన 1849లోనే, డిసెంబరు 22న, పీటర్స్‌బర్గ్ మైదానంలో దొస్తొయెవ్‌స్కీని కాల్చి చంపడానికి నిలబెట్టారు. చివరి నిమిషంలో శిక్ష మార్చి, నాలుగేళ్ళు ఓమ్‌స్క్ జైల్లో కాళ్ళకు సంకెళ్ళు వేసి ఉంచారు. నేరము–శిక్ష నవలలో రాస్కొల్నికొవ్‌కు కొత్త ఊపిరి వచ్చేది సైబీరియా ఖైదులోనే, ఏటి ఒడ్డున, సోన్యా పక్కన. అంతకు ముందు పీటర్స్‌బర్గ్ వీధుల్లో ఎటు కావాలంటే అటు పోగలిగినన్నాళ్ళూ అతనికి గాలి ఆడలేదు.

ఇక టాల్‌స్టాయ్. 1910లో, ఎనభై రెండేళ్ళ వయసులో, ఒక చలిరాత్రి భార్యకు తెలియకుండా వైద్యుణ్ణి వెంటబెట్టుకుని ఇల్లు విడిచాడు. దారిలో న్యుమోనియా పట్టుకుంది. అస్తాపొవొ అనే చిన్న స్టేషనులో, స్టేషను మాస్టరు ఇంట్లో కన్నుమూశాడు. ఆ ఏడే దక్షిణాఫ్రికాలో గాంధీగారు టాల్‌స్టాయ్ పేరుతో పొలం, ఆశ్రమం మొదలుపెట్టారు. ఒకే సంవత్సరంలో ఆ పేరు గల మనిషి ఇల్లు వదిలాడు, ఆ పేరు మీద ఒక ఇల్లు లేచింది.

అయితే నేను చెప్పదలుచుకున్నది టాల్‌స్టాయ్ చనిపోయిన మరుసటేడు అచ్చయిన ఫాదర్ సెర్గియస్ కథ గురించి. దాన్ని చదివేటప్పుడు మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గుర్తురాకుండా ఉండడు. పద్నాలుగేళ్ళ వయసులో అడయారు సముద్రపు ఒడ్డున దివ్యజ్ఞాన సమాజంవాళ్ళు ఆయన్ను ఏరి, రాబోయే జగద్గురువన్నారు. ఆయన కోసం ఒక సంఘం కట్టారు. భూములిచ్చారు, కోట ఇచ్చారు. 1929 ఆగస్టు 3న హాలండులోని ఒమెన్‌లో, వేలమంది భక్తుల ముందు నిలబడి ఆ సంఘాన్ని ఆయనే రద్దుచేశాడు. ఆస్తులు ఎవరివి వాళ్ళకు తిరిగిచ్చేశాడు. ఆ తర్వాత జీవితమంతా ఆయన చెప్పిన మాటల్లో ఒకటి, ఉన్నదాన్నుంచి తప్పించుకోబోవడమే దుఃఖాన్ని పెంచుతుందని. హెలీనా పారిపోయి కట్టిన ఇంట్లో పెరిగిన పిల్లవాడు, పారిపోవడం గురించే అలా అన్నాడు.

సెర్గియస్ కూడా అలాగే వదులుకుంటూ పోయినవాడు. అందగాడైన రాజసేవకుడు. తాను పెళ్ళాడబోయే పిల్ల జారు ఉంపుడుగత్తె అని తెలిసి, మనసు విరిగి మఠంలో చేరాడు. అక్కడ పేరొచ్చింది. పేరు నుంచి గుహలోకి పారిపోయాడు. గుహకు యాత్రికులు వచ్చారు. రోగాలు నయమవుతాయన్నారు. మనిషి చుట్టూ పటం కట్టేశారు. చివరికి ఒకనాడు నిగ్రహం జారి, రైతు బట్టలు కట్టుకుని తెల్లవారుజామున పరారయ్యాడు. ఇన్ని సార్లు పారిపోయినా లోపల కూర్చున్న గొప్పవాడు మాత్రం కదల్లేదు.

అప్పుడు చిన్ననాటి పాషెంక గుర్తొస్తుంది. పిల్లలంతా వెక్కిరించిన బక్కపిల్ల. వెతుక్కుంటూ వెళ్తాడు. ఆమె ముసలిదైంది. మొగుడు ఆస్తి తగలేసి పోయాడు. అల్లుడికి ఉద్యోగం లేదు, జబ్బు మనిషి. ఇంటి నిండా మనవలు. ఊళ్ళో షావుకారు పిల్లలకు సంగీతం పాఠాలు చెప్పి, ఆ నాలుగు డబ్బులతో అందర్నీ లాక్కొస్తోంది. గుడికి పోవడానికి కూడా మంచి బట్టల్లేవని సిగ్గుపడుతుంది. తాను చాలా చెడ్డగా బతికాననుకుంటోంది. ఆమె ముందు కూర్చున్న మహాయోగి, తాను ఇన్నేళ్ళు వెతికింది ఈ వంటింట్లో ఉందని తెలుసుకుని, బిచ్చగాడిలా లేచి వెళ్ళిపోతాడు. తర్వాత పాస్‌పోర్టు లేనివాడని పట్టుకుని సైబీరియాకు పంపుతారు. అక్కడ ఒక రైతు దగ్గర కూరగాయల మడిలో పనిచేస్తాడు, పిల్లలకు చదువు చెప్తాడు, రోగులను చూసుకుంటాడు. పేరు లేదు. సుఖంగా ఉన్నాడు.

పాషెంక ఎక్కడికీ పోలేదు. ఇన్ని పారిపోయే కథల మధ్య, మారడానికి రైలెక్కని ఆ ఒక్క ముసలామెను అంత గౌరవంగా నిలబెట్టినందుకు టాల్‌స్టాయ్‌కి నేను మొక్కుతాను. నాద్యాను వద్దనను. ఆమె వెళ్ళాల్సిందే. మన ఆడపిల్లలు చదువుకు పోవాల్సిందే. సాషా మాట నిజం. కానీ నాద్యా వదిలి వెళ్ళిన ఇంట్లో అవ్వ ఉంది. ఆ అవ్వ కథ చేహొవ్ ఇంకా కొన్నాళ్ళు బతికి ఉంటే రాసేవాడేమో.

కుప్పం నుంచి పొద్దున బెంగళూరు రైలు బయల్దేరి వెళ్తున్నప్పుడు, కిటికీ పక్కన సీటు దొరికితే, పట్టాల పక్కనున్న ఇళ్ళ వైపు చూడండి. ఇంకా చీకటే ఉంటుంది. వంటింట్లో మాత్రం దీపం వెలుగుతూ ఉంటుంది. నాలుగింటికి లేచి, సంగటి కెలికి, క్యారియర్ కట్టి, కొడుకును స్టేషనుకు పంపి, మిగిలిన అంట్లు తోముతున్న ఒక తల్లి వెనకనుంచి కనబడుతుంది. రైలు వేగం అందుకునేసరికి ఆ దీపం దాటిపోతుంది.